కారు ఏసీ రిపేరు సొంతంగా చేసుకోవచ్చా? ఎక్కడి వరకు మన పని, ఎక్కడ ఆగాలి

కారు ఏసీ చల్లగా రాకపోతే చాలామందికి మొదట తట్టేది "గ్యాస్ అయిపోయి ఉంటుంది" అనే. ఆ వెంటనే ఇంకో ఆలోచన వస్తుంది: చిన్న గ్యాస్ డబ్బా ఒకటి కొని మనమే నింపేసుకుంటే పోలేదా? మొదటి అనుమానం చాలాసార్లు నిజం కాదు. రెండో ఆలోచన మాత్రం కొత్తవాళ్లకు ఖరీదైన కంప్రెసర్‌నే పోగొట్టగలదు.

కొత్తవాళ్లు ఏసీ మీద చెయ్యి వేయొచ్చా అంటే, వేయొచ్చు. హద్దు ఒక్కటే: గ్యాస్ తిరిగే గొట్టాలకు బయట ఉన్న పనంతా మీరు నేర్చుకుని చేయదగినదే. గొట్టం విప్పడం, గ్యాస్ తీయడం, గ్యాస్ నింపడం మాత్రం పరికరాలున్న మెకానిక్‌కి వదిలేయాలి. బయటి పనే చాలా ఉంది. అది చేశాక కూడా చల్లదనం రాకపోతే, లోపం ఎక్కడుందో సగం తెలుసుకున్నాకే మెకానిక్ దగ్గరికి వెళ్తారు.

లోపల ఏం జరుగుతోంది

కంప్రెసర్ గ్యాస్‌ని గట్టిగా నొక్కి కండెన్సర్‌కి పంపుతుంది. కండెన్సర్ రేడియేటర్‌కి ముందు ఉంటుంది. అక్కడ బయటి గాలి తగిలి వేడి గ్యాస్ చల్లారి ద్రవమవుతుంది. డ్రయ్యర్ అందులోని తేమను పీల్చేస్తుంది. ఆ ద్రవం ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లోని సన్నటి దారి దాటగానే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది. డాష్‌బోర్డు వెనకున్న కూలింగ్ కాయిల్‌లో అది మరుగుతూ, కాయిల్ మీదుగా వెళ్లే గాలిలోని వేడిని లాగేసుకుంటుంది. తర్వాత మళ్లీ కంప్రెసర్‌కి చేరుతుంది.

ఇందులో రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఒకటి, గ్యాస్ ఖర్చయ్యేది కాదు, అదే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. రబ్బరు గొట్టాల గుండా, సీళ్ల గుండా ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగ్గడం మామూలే. ఒక్క ఏడాదిలోనే చల్లదనం పోయేంతగా గ్యాస్ తగ్గిందంటే మాత్రం ఎక్కడో లీకు ఉన్నట్టే. రెండు, కంప్రెసర్‌కి కావలసిన నూనె కూడా ఆ గ్యాస్‌తోనే తిరుగుతుంది. గ్యాస్ బాగా తగ్గితే నూనె సరిగ్గా తిరిగి రాదు, కంప్రెసర్ ఎండిపోతుంది. అందుకే గ్యాస్ తక్కువైనప్పుడు కంప్రెసర్‌ని ఆపేసే ప్రెషర్ స్విచ్ పెడతారు. ఆ స్విచ్‌ని వైరు ముక్కతో కలిపేసి కంప్రెసర్‌ని నడిపించమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఆ స్విచ్ ఉన్నదే కంప్రెసర్‌ని కాపాడటానికి.

మొదట లక్షణం రాసుకోండి

బానెట్ ఎత్తే ముందు కాగితం మీద నాలుగు మాటలు రాసుకోండి. గాలే తక్కువ వస్తోందా, లేక గాలి బాగానే వస్తూ చల్లగా లేదా? కారు ఆగి ఉన్నప్పుడే వేడిగా వస్తోందా, వేగంగా వెళ్తున్నప్పుడూ అంతేనా? మొదట చల్లగా వచ్చి గంట తర్వాత తగ్గుతోందా? ఒకవైపు చల్లగా, ఇంకోవైపు వేడిగా ఉందా? వాసన, చప్పుడు, కాళ్ల దగ్గర తడి ఉన్నాయా?

ఒక్కో జవాబు ఒక్కో చోటికి తీసుకెళ్తుంది. ఆగినప్పుడు వేడి, పరుగులో చల్లదనం అంటే కండెన్సర్ ఫ్యాన్‌ని చూడాలి. గంట ప్రయాణం తర్వాత చల్లదనంతో పాటు గాలి కూడా తగ్గితే, కూలింగ్ కాయిల్ మీద మంచు పేరుకుంటోందని అనుమానించాలి. ఏసీ బటన్ ఆపి, బ్లోయర్ మాత్రం పది నిమిషాలు తిరగనివ్వండి. గాలి మళ్లీ బలంగా వస్తే అనుమానం నిజమైనట్టే. అలాంటప్పుడు కాయిల్ ఉష్ణోగ్రతని చూసే సెన్సర్‌నో, దుమ్ము పట్టిన ఫిల్టర్‌నో, గ్యాస్ కొరతనో ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోవాలి.

గాలి దారి: కచ్చితంగా మీ పనే

క్యాబిన్ ఫిల్టర్‌తో మొదలుపెట్టండి. చాలా కార్లలో ఇది గ్లోవ్ బాక్స్ వెనక ఉంటుంది. పాతది తీసేటప్పుడు దాని మీద బాణం గుర్తు ఎటు చూస్తోందో గమనించి, కొత్తది అదే దిశలో పెట్టండి. ఆకులు, దుమ్ముతో బిగుసుకుపోయిన ఫిల్టర్ ఒక్కటే సగం గాలిని ఆపేయగలదు. ఫిల్టర్ తీసేసి ఒక్క నిమిషం బ్లోయర్ నడిపి చూస్తే తేడా చేతికే తెలుస్తుంది.

బ్లోయర్ మిగతా వేగాల్లో తిరగకుండా, అన్నిటికన్నా ఎక్కువ వేగంలో మాత్రమే తిరుగుతుంటే, గుండ్రటి స్విచ్ ఉన్న పాత తరహా కార్లలో అది దాదాపుగా బ్లోయర్ రెసిస్టర్ (బ్లోయర్ వేగాన్ని తగ్గించే చిన్న భాగం) లోపం. రెండు స్క్రూలు, ఒక సాకెట్టు, అంతే పని. సాకెట్టు ప్లాస్టిక్ కరిగి నల్లబడి ఉంటే రెసిస్టర్‌తో పాటు సాకెట్టునీ మార్చాలి. లేకపోతే కొత్తదీ కాలిపోతుంది.

కాళ్ల దగ్గర కార్పెట్ తడుస్తుంటే కూలింగ్ కాయిల్ నీళ్లు పోయే గొట్టం మూసుకుపోయి ఉంటుంది. ఏసీ నడిచిన కారు కింద నీటి చుక్కలు పడటం మంచి గుర్తే. ఉక్కపోత రోజున గంట సేపు ఏసీ నడిచినా కింద ఒక్క చుక్కా లేకపోతే ఆ గొట్టం చివర వెతకండి. మెత్తటి ప్లాస్టిక్ తీగతో నెమ్మదిగా కదిపితే చాలు. ఇనుప తీగ దూర్చి బలంగా పొడవొద్దు, కాయిల్ సన్నటి అల్యూమినియంతో చేస్తారు. ముక్కవాసన కూడా ఈ తడి నుంచే పుడుతుంది. గొట్టం బాగుచేశాక, ప్రయాణం ముగిసే ముందు కొన్ని నిమిషాలు ఏసీ ఆపి బ్లోయర్ మాత్రం తిప్పితే కాయిల్ ఆరుతుంది.

డాష్‌బోర్డు వెనక టకటకమని చప్పుడు వస్తుంటే, చల్లని గాలినీ వేడి గాలినీ కలిపే చిన్న తలుపు మోటారు పాడై ఉండొచ్చు. ఈ లోపాన్ని గ్యాస్ కొరత అనుకుని గ్యాస్ పట్టించినవాళ్లు ఎందరో. బానెట్ కింద ఏసీ గొట్టం చల్లగా ఉండి, లోపల గాలి మాత్రం వెచ్చగా వస్తే ముందు ఈ తలుపునే అనుమానించండి.

బానెట్ కింద: కళ్లతో, జాగ్రత్తతో

మొదట భద్రత. ఇంజన్ ఆపి ఉన్నా, కొన్ని కార్లలో రేడియేటర్ ఫ్యాన్ దానంతటదే మొదలవుతుంది. కాబట్టి అక్కడ చెయ్యి పెట్టే ముందు ఇంజన్ చల్లారనిచ్చి, బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. ఇంజన్ నడుపుతూ చూడాల్సిన పరీక్షలు ఆరుబయటే చేయండి, తలుపులు మూసిన షెడ్డులో వద్దు. చున్నీ, పొడవు చేతుల చొక్కా, వదులు జుట్టు బెల్టు దగ్గరికి రానివ్వొద్దు.

ఏసీ వేయగానే కండెన్సర్ ఫ్యాన్ తిరగాలి, కొన్ని కార్లలో కాసేపటికి తిరుగుతుంది. తిరగకపోతే ఫ్యూజ్ చూడండి. కాలినదాని స్థానంలో అదే ఆంపియర్ ఫ్యూజే వేయాలి. రెండోసారీ కాలితే ఎక్కడో షార్టు ఉన్నట్టే, ఇంకా పెద్ద ఫ్యూజ్ వేసి చూడటం మంటలకు దారి. రిలేని (ఫ్యాన్‌కి కరెంటు అందించే చిన్న విద్యుత్ స్విచ్‌ని) పరీక్షించడం తేలిక: పక్కనే అదే నెంబరున్న రిలే ఉంటే రెండింటినీ మార్చి పెట్టి చూడండి.

కండెన్సర్ రెక్కల మధ్య పురుగులు, ఎండుటాకులు, బురద ఉంటే గార్డెన్ పైపు నీటిధారతో కడగండి. రేడియేటర్ వైపు నుంచి బయటికి కొట్టగలిగితే ఇంకా మంచిది. ప్రెషర్ వాషర్ వద్దు, రెక్కలు వంగి గాలి దారే మూసుకుపోతుంది.

ఇక కంప్రెసర్. కంప్రెసర్‌ని బెల్టు తిప్పే చక్రానికి, అంటే పుల్లీకి, కలిపి విడదీసే క్లచ్ ఉన్న రకమైతే ఏసీ నొక్కగానే టక్ మని చప్పుడు వచ్చి, పుల్లీ ముందున్న పలక పుల్లీతో పాటు తిరగాలి. క్లచ్ పదేపదే, కొన్ని సెకన్లకోసారి పట్టి వదులుతుంటే గ్యాస్ తక్కువగా ఉండొచ్చు. చల్లటి ఉదయం బాగా పనిచేసి, ఇంజన్ బాగా వేడెక్కాక పట్టడం మానేసి, చల్లారాక మళ్లీ పడుతుంటే క్లచ్ పలకకూ పుల్లీకీ మధ్య సందు అరిగి పెరిగి ఉండొచ్చు. మామూలుగా ఆ సందు సుమారు అర మిల్లీమీటరు. సన్నని రేకులు తీసి దాన్ని సరిచేస్తారు. గ్యాస్ ముట్టుకోకుండానే తీరే పని ఇది. మెకానిక్‌కి ఈ మాట చెబితే కంప్రెసర్ మొత్తం మార్చే ఖర్చు తప్పొచ్చు. కొత్త కార్లలో చాలావాటికి క్లచ్ ఉండదు. కంప్రెసర్ ఎప్పుడూ తిరుగుతూ లోపలే తన పనిని హెచ్చించుకుంటూ తగ్గించుకుంటుంది. అలాంటి కారులో టక్ మనే చప్పుడు కోసం ఎదురుచూడొద్దు.

రెండు గొట్టాల పరీక్ష

ఏసీ ఒక పది నిమిషాలు నడిచాక ఇంజన్ ఆపి, ఇంజన్ గదికీ క్యాబిన్‌కీ మధ్య గోడలోంచి వెళ్లే రెండు అల్యూమినియం గొట్టాలను చూడండి. లావుది చల్లగా ఉండి, గాలిలో తేమ ఉన్న రోజున దాని మీద చెమట పట్టి ఉండాలి. సన్నది వెచ్చగా ఉంటుంది. కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కి వెళ్లే గొట్టాన్ని మాత్రం ముట్టుకోవద్దు, చెయ్యి కాలేంత వేడిగా ఉంటుంది.

ఇప్పుడు థర్మామీటరు. కారు నీడలో ఆపి, లోపలి గాలే తిరిగే బటన్ నొక్కి, అత్యంత చల్లదనం, బ్లోయర్ మధ్యస్థం పెట్టి, ఇంజన్ వేగం 1500 ఆర్‌పీఎం దగ్గర ఉంచండి. మధ్య వెంటులో థర్మామీటరు పెట్టి పది నిమిషాలు చూడండి. బయట 30 డిగ్రీల సెల్సియస్ ఉన్న రోజున ఆరోగ్యంగా ఉన్న ఏసీ సుమారు 5 నుంచి 10 డిగ్రీల మధ్య గాలి ఇస్తుంది. ఉక్కపోత ఎక్కువైతే ఇంకాస్త పైన ఉండొచ్చు. ఈ అంకెను బయటి ఉష్ణోగ్రతతో సహా రాసి పెట్టుకోండి. ఏసీ బాగున్న రోజున తీసుకున్న అంకె ఒకటి దగ్గర ఉంటే మరీ మేలు.

లీకు వెతకడం

గ్యాస్ కంటికి కనబడదు. దానితో పాటు బయటికి వచ్చే నూనె మాత్రం కనబడుతుంది. గొట్టాల అతుకుల దగ్గర, రబ్బరును అల్యూమినియంలోకి నొక్కి బిగించిన చోట, కండెన్సర్ అంచుల్లో టార్చి వేసి చూడండి. చుట్టూ పొడి దుమ్ము ఉండి, ఒక్క చోట మాత్రం దుమ్ము నూనెతో కలిసి నల్లగా, జిడ్డుగా పేరుకుని ఉంటే దాన్ని ఫొటో తీసుకోండి. బానెట్ లోపలి వైపు, సరిగ్గా కంప్రెసర్ పుల్లీకి ఎదురుగా సన్నటి నూనె చారిక ఉందేమో చూడండి. ఉంటే, కంప్రెసర్‌ని తిప్పే కడ్డీ చుట్టూ ఉండే షాఫ్ట్ సీలు దగ్గర కారిన నూనెను తిరిగే పుల్లీ అక్కడికి విసిరిందన్నమాట.

గ్యాస్ పట్టించే నోళ్ల ప్లాస్టిక్ మూతలు తీసి, నోటిలో చుక్క సబ్బు నీళ్లు వేసి చూడొచ్చు. బుడగలు వస్తే లోపలి వాల్వ్ లీకవుతోంది. తర్వాత తుడిచి మూత బిగించడం మరవొద్దు. దుమ్ము ఆపడానికే కాదు, ఆ మూత రెండో సీలుగా కూడా పనిచేస్తుంది. దాని లోపలి రబ్బరు ఉంగరం చిట్లితే మూతే మార్చండి. ఇక్కడ కంటికి గానీ చర్మానికి గానీ గ్యాస్ తగిలే అవకాశం ఉంది కాబట్టి కళ్లద్దాలు, గ్లవ్స్ లేకుండా ఈ పరీక్ష చేయొద్దు. ఎన్నో కార్ల ఏసీల్లో ఉండే ఆర్-134ఏ అనే గ్యాస్ మామూలు వాతావరణ ఒత్తిడిలో మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. కంటిలో పడితే కన్ను గడ్డకట్టుకుపోతుంది.

గ్యాస్ డబ్బా ఎందుకు వద్దంటున్నాను

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

డబ్బాతో వచ్చే చిన్న గేజ్ మీద పచ్చరంగు గీత వరకు నింపమంటారు. అది తక్కువ ఒత్తిడి వైపు గొట్టాన్ని మాత్రమే చూస్తుంది. ఆ ఒత్తిడి బయటి వేడిని బట్టి, ఫ్యాన్ వేగాన్ని బట్టి, కంప్రెసర్ స్థితిని బట్టి మారుతుంది. లోపల ఎన్ని గ్రాముల గ్యాస్ ఉందో దానికి తెలియదు. ఇంజన్ ఆపి చూసినా అంతే. వంటగ్యాస్ సిలిండర్‌లో సగమున్నా పావున్నా ఒత్తిడి దాదాపు ఒకటే ఉన్నట్టు, కొంత ద్రవం మిగిలి ఉన్నంతవరకు ఆగి ఉన్న ఏసీలో కూడా ఒత్తిడిని నిర్ణయించేది ఉష్ణోగ్రతే. ఆర్-134ఏ ఉన్న కారులో 30 డిగ్రీల దగ్గర అది సుమారు 97 పీఎస్ఐ. నిండుగా ఉన్నా, సగమే ఉన్నా గేజ్ మీద అదే అంకె కనిపించవచ్చు.

సరైన కొలత తూకమే. చాలా చిన్న కార్లకు పట్టే గ్యాస్ 400 నుంచి 600 గ్రాముల చుట్టూ ఉంటుంది. కచ్చితమైన అంకె, గ్యాస్ రకం బానెట్ కింద స్టిక్కరు మీద రాసి ఉంటాయి. అంత కొద్ది మొత్తంలో 100 గ్రాముల తేడా కూడా పెద్దదే. ఎక్కువైతే కండెన్సర్ ఉన్న హెచ్చు ఒత్తిడి వైపు ఒత్తిడి ఇంకా పెరిగి చల్లదనం తగ్గుతుంది. ద్రవం కంప్రెసర్‌లోకి వెళితే కంప్రెసరే విరగొచ్చు. కంప్రెసర్ లోపల అరిగిన లోహపు పొడి కండెన్సర్ సన్నని దారుల్లో ఇరుక్కుంటుంది. ఆ దారుల నుంచి దాన్ని కడిగి తీయడం కుదరదు. అప్పుడు కంప్రెసర్, కండెన్సర్, డ్రయ్యర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ అన్నీ మార్చాలి.

తెలియక డబ్బాను హెచ్చు ఒత్తిడి వైపు తగిలిస్తే డబ్బాయే పేలొచ్చు. ఈ పొరపాటు జరగకూడదనే రెండు నోళ్లను వేర్వేరు సైజుల్లో చేస్తారు. అడాప్టర్లతో ఆ కాపలాను దాటకండి. లీకు పూడ్చే మందు కలిపిన డబ్బాలైతే అసలే వద్దు. తేమ తగలగానే గట్టిపడే ఆ పదార్థం వాల్వ్‌ని మూసేయొచ్చు, వర్క్‌షాపు యంత్రాన్నీ పాడుచేయొచ్చు. అది ఉన్నట్టు తేలితే కారును ముట్టుకోని వర్క్‌షాపులూ ఉన్నాయి. కారు ఏసీలో వంటగ్యాస్ లాంటి మండే గ్యాస్ నింపడం మరీ ప్రమాదం.

లీకు బాగుచేయకుండా నింపిన గ్యాస్ మళ్లీ గాల్లోకే పోతుంది. వందేళ్ల లెక్కన ఆర్-134ఏ, కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 1,400 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. అంటే అర కిలో గ్యాస్ గాల్లోకి వదిలితే 700 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత. 2016 నాటి కిగాలి ఒప్పందం ఈ వర్గపు వాయువులను తగ్గించడానికే. గ్యాస్‌ని కావాలని గాల్లోకి వదలడం అమెరికాతో సహా అనేక దేశాల్లో చట్టవిరుద్ధం. కొన్నిచోట్ల శిక్షణ ధ్రువపత్రం లేనివారు గ్యాస్ కొనడమే కుదరదు. మీ దేశం నియమం ముందే కనుక్కోండి.

కొత్త గ్యాస్, విద్యుత్ కార్లు

ఇప్పటి కార్లలో చాలావాటిలో ఆర్-1234వైఎఫ్ వాడుతున్నారు. వాతావరణానికి ఇది చాలా మేలు, కానీ కొద్దిగా మండే గుణం ఉంది. దీన్నీ ఆర్-134ఏనీ ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు.

హైబ్రిడ్, విద్యుత్ కార్లలో కంప్రెసర్ అధిక వోల్టేజీతో నడుస్తుంది. నారింజ రంగు కేబుల్ కనబడితే అక్కడితో ఆగిపోండి. ఆ కంప్రెసర్లకు విద్యుత్తును పారనివ్వని ప్రత్యేకమైన నూనె వాడతారు. మామూలు నూనె కొద్దిగా కలిసినా ఇన్సులేషన్ దెబ్బతింటుంది. ఈ కార్లలో క్యాబిన్ ఫిల్టర్, నీళ్ల గొట్టం, కండెన్సర్ కడగడం దాకానే సొంత పని.

ఇంకా ముందుకు వెళ్లాలని ఉంటే

నేర్చుకోవాలన్న కోరికను నేను ఆపను, కానీ ఆ పనికి ఏం కావాలో ముందే తెలియాలి. లోపలున్న గ్యాస్‌ని తీసి దాచే రికవరీ యంత్రం, రెండు వైపులా చూపే గేజ్ సెట్టు, వాక్యూమ్ పంపు, గ్రాములు చూపే త్రాసు కావాలి. గొట్టం ఒక్కసారి విప్పితే గాలిలోని తేమ లోపలికి చేరి నూనెతో కలిసి ఆమ్లం అవుతుంది. అందుకే తెరిచిన ప్రతిసారీ రబ్బరు ఉంగరాలను, చాలా సందర్భాల్లో డ్రయ్యర్‌నీ మార్చి, కనీసం అరగంట వాక్యూమ్ లాగాలి, అంటే లోపలి గాలినంతా పంపుతో పీల్చేయాలి. ఒత్తిడి బాగా పడిపోతే మామూలు ఉష్ణోగ్రతలోనే తేమ మరిగి బయటికి వస్తుంది. తర్వాత పంపు ఆపి, వాక్యూమ్ నిలుస్తుందో లేదో కాసేపు చూడాలి. ఏడాదికోసారి చేసే పనికి ఇన్ని కొనడం లెక్కకు రాదు. అనుభవం ఉన్నవారి పక్కన నిలబడి రెండు మూడు కార్ల పని చూసి, ఆ తర్వాత నిర్ణయించుకోండి.

మెకానిక్ దగ్గర ఏం అడగాలి

"గ్యాస్ పట్టండి" అని వెళ్లొద్దు. మీరు రాసుకున్న లక్షణాలు, వెంటు ఉష్ణోగ్రత, నూనె మరకల ఫొటోలు చూపించి, లీకు ఎక్కడుందో కనిపెట్టమని అడగండి. నైట్రోజన్‌తో ఒత్తిడి పరీక్ష చేస్తారా, యూవీ రంగుతోనా, ఎలక్ట్రానిక్ సెన్సర్‌తోనా అని తెలుసుకోండి. పాత గ్యాస్ ఎన్ని గ్రాములు బయటికి వచ్చింది, కొత్తది ఎన్ని గ్రాములు నింపారు, ఏ నూనె ఎంత కలిపారు, వాక్యూమ్ ఎంతసేపు లాగారు అన్నవి బిల్లు మీద రాయించుకోండి. బయటికి వచ్చిన గ్రాముల అంకె చాలా విలువైనది: స్టిక్కరులో 500 ఉండి 450 వచ్చిందంటే లోపం ముఖ్యంగా గ్యాస్ కొరత కాదు, ఇంకెక్కడో ఉంది.

కారు తీసుకునే ముందు అక్కడే అదే థర్మామీటరుతో, అదే పద్ధతిలో వెంటు ఉష్ణోగ్రత చూడండి. చలికాలంలో కూడా వారానికోసారి కొన్ని నిమిషాలు ఏసీ నడపండి, షాఫ్ట్ సీలు నూనెతో తడిసి ఎండిపోకుండా ఉంటుంది. నెల తర్వాత మళ్లీ థర్మామీటరు పెట్టి, వచ్చిన అంకెను ఆ బిల్లు వెనకే రాసుకోండి. బయటి వేడి అంతే ఉన్నా నాలుగైదు డిగ్రీలు పెరిగి ఉంటే లీకు ఇంకా ఉండొచ్చు, ఆ బిల్లుతోనే మళ్లీ వెళ్లండి.